మిరపకాయల నడుమ దోవ

కలంకారీ ఏకాంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. పదిమందికి బొమ్మ నేర్పడానికి కూర్చున్నప్పుడు, వాళ్ళ గుడ్డల మధ్య తన గుడ్డ కూడా పరుచుకునేవాడు. తల వంచుకొని తన పటం తాను గీసుకుంటూ పోయేవాడు. ఎవరైనా అడిగితే చెప్పేవాడు, అడగకపోతే లేదు. దీని గురించి ఊళ్ళో మాటలు పడేవి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనేవాళ్ళు. చూపులేనివాళ్ళు, చెవులు వినబడనివాళ్ళు, ఒక పక్క పడిపోయినవాళ్ళు ఆయన్ను నమ్ముకొని వస్తే, వాళ్ళ తిప్పలకు వాళ్ళను వదిలేసి ఈయన పని ఈయన చూసుకుంటాడు, ఇదేం గురుత్వమయ్యా అని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఆయన నాకు సొంత మేనమామ. మేనల్లుడు వెనకేసుకొస్తే వినేదెవరు?

నాకు బొమ్మ రాదు. చిన్నప్పుడు నేను గీసిన ఏనుగును చూసి మామ చాలాసేపు ఆలోచించి, "నువ్వు పొయ్యి దగ్గర కూర్చోరా" అన్నాడు. అప్పటినుంచి రంగు ఉడికించే రాగి బాన నా సొత్తు. స్వర్ణముఖి ఒడ్డున ఆయన ఇంటి వెనక పొయ్యి, పొయ్యికి ఇవతల పెద్ద వసారా, వసారా నిండా ఒకటే చాప. బాగా గీసేవాళ్ళకు ఒక చాప, గీయలేనివాళ్ళకు ఒక చాప అని ఆ ఇంట్లో లేదు. బాన దగ్గర కూర్చుంటే వసారాలో జరిగేదంతా కనబడుతుంది, కాబట్టి ఈ సంగతి నేను చెప్పగలుగుతున్నాను.

ఆయన శిష్యుల్లో చెంగల్రాయుడు అని ఒకడుండేవాడు. మామ తర్వాత ఆ ఇంట్లో అంత చెయ్యి ఉన్నవాడు ఇంకొకడు లేడు. నెమలి మెడ తీస్తే మొదలు నుంచి కొస దాకా కలం ఎత్తేవాడు కాదు. ఏరు పొంగి ఊళ్ళోకి వచ్చిన రోజును పెద్ద గుడ్డ మీద వేయాలని పూనుకొని, సగం గీతలు కూడా పూర్తి చేశాడు. అప్పటికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మామ అతన్ని పిలిచి మధ్యాహ్నం పూట నువ్వు చూసుకోరా అన్నాడు. రాయుడు మనసుపెట్టి చూసుకున్నాడు. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. చెయ్యి వణికే పెద్దాయనకు కలం జారకుండా గుడ్డపీలికలు చుట్టి లావు చేసి ఇచ్చింది అతనే. చూపులేనివాళ్ళ కోసం లావు దారాన్ని బొమ్మ ఆకారంలో పరిచి గుడ్డకు కుట్టుకొని, వేలితో తడుముతూ ఆ దారం వెంబడే కలం నడిపే పద్ధతి కనిపెట్టింది కూడా అతనే. కానీ తన గుడ్డను మాత్రం చుట్ట చుట్టి ఇంట్లో అటక మీద పడేశాడు. నన్ను నమ్ముకొని వచ్చి కూర్చున్నవాళ్ళ ముందు నా పటం నేను వేసుకోవడం ఏం మర్యాద అనేవాడు. ఊళ్ళో వాళ్ళు రాయుడు దేవుడన్నారు. మామను ఏమన్నారో మళ్ళీ చెప్పను.

నేర్చుకునేవాళ్ళలో దేవసేన అనే ఆమె ఉండేది. ముప్పై దాటిన మనిషి. చిన్నప్పుడు కళ్ళు బాగానే ఉండేవట, బడికి పోయే ఈడులో జ్వరం తగిలి చూపు పోయింది. అక్క కాంతమ్మ రోజూ చెయ్యి పట్టుకొని తెచ్చి దిగబెట్టేది. పొద్దున పూట దేవసేన మామ పక్కన కూర్చునేది. ఆయన గీస్తూంటే ఆయన మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, గీత ఎటు పోతోందో, ఎక్కడ నెమ్మదిస్తోందో, ఎక్కడ తేలిపోతోందో పట్టుకునేది. మామ ఏమీ అనేవాడు కాదు, కలం ఆపేవాడు కాదు. మధ్యాహ్నం రాయుడి దగ్గర ఈ వీలు లేదు. రాయుడి చెయ్యి గీస్తే కదా ఆనించడానికి! అందుకని అతనే ఆమె చెయ్యి పట్టుకొని గీయించేవాడు. ఆమె ఒకటి రెండుసార్లు మెల్లగా విడిపించుకుంది. సిగ్గేమో అనుకున్నాడు.

ఆ ఏడు దేవసేన మొదటిసారి సొంతంగా ఒక పటం మొదలుపెట్టింది. కళ్ళంలో ఆరబోసిన పండు మిరపకాయలు, ఆ చివర నిలబడ్డ వాళ్ళమ్మ, ఈ చివర ఇంటి అరుగు. అమ్మ పోయి చాలా కాలమైంది. చూపు పోకముందు తనకు బాగా గుర్తున్నది ఆ ఒక్కటేనని, అది గుడ్డ మీదికి ఎక్కితే తన పని అయినట్టేనని మామతో చెప్పుకుంది. దారం తానే పరిచింది, తానే కుట్టింది, నల్ల గీతలు తానే వేసింది. అమ్మ కొంచెం పొట్టిగా, అరుగు కొంచెం వంకరగా వచ్చాయి. వస్తే రానీ అన్నాడు మామ.

ఇక్కడ మా పనిలో ఒక కిటుకు చెప్పాలి. కలంకారీలో ఎరుపును కలంతో వేయరు. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్ళు వేస్తారు. ఆ నీళ్ళు తడిగా ఉన్నంతసేపే కనబడతాయి, ఆరితే ఎక్కడ వేశారో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆ తర్వాత గుడ్డను ఏట్లో జాడించి, మంజిష్ఠ వేరు వేసి బానలో ఉడికిస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. కొందరు గుర్తు కోసం పటికలో చిటికెడు రంగు కలుపుకుంటారు. మామ ఇంట్లో ఆ ఆచారం లేదు, ఎక్కడ వేశావో నీ మనసుకు తెలియాలంటాడు. అందుకే పటిక వేసే రోజు అందరం గుడ్డివాళ్ళమేనని నేనొకసారి అన్నాను. దేవసేన అది విని నవ్వి, "అయితే ఈ ఒక్క పూట మీరంతా మా వీధికొచ్చినట్టే" అంది.

ఆమె తన మిరపకాయలకు పటిక వేసింది ఒక మధ్యాహ్నం. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద బోర్లా పెట్టి, కుడిచేత్తో దాని చుట్టూ పొట్టి పొట్టి గీతలు వేస్తూ, చేతిని కొంచెం జరిపి మళ్ళీ వేస్తూ అమ్మ దగ్గరి నుంచి అరుగు దాకా వచ్చింది. సాయంత్రం అక్కతో ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత జరిగింది రాయుడే చెప్పాడు, నేను చూడలేదు. గుడ్డలు సర్దుతుంటే ఆమె గుడ్డ ఇంకా తడిగా ఉంది. మిరపకాయల మధ్యలో అరచెయ్యి వెడల్పున ఒక పట్టీ, పటిక తగలకుండా, వంకరటింకరగా వదిలి ఉంది. పాపం, గుడ్డ కదలకుండా చెయ్యి అదిమిపెట్టింది, చెయ్యి కింద ఉన్న చోటు మర్చిపోయింది అనుకున్నాడు. ఉడికిన తర్వాత నలుగురూ చూసి, చూపులేనిది వేసింది కాబట్టి అట్లా ఉందంటే ఆమె మనసు ఎంత కష్టపడుతుంది? కలం పటికలో ముంచాడు. రెండు గీతలు వేసి మూసేద్దామనుకున్నాడు. కానీ నెలల తరబడి గీయని చెయ్యి. గుడ్డ తగిలేసరికి దానికి ఆకలి లేచింది. ఒక్కొక్క కాయ నడుము వంపు తిప్పి, కొస వాల్చి, సన్నటి తొడిమ పెట్టి, కాయకూ కాయకూ నడుమ వెలుతురంత సందు వదిలి, చీకటి పడే దాకా ఆ పట్టీ అంతా నింపాడు. అంత సంతోషంగా ఈ మధ్య ఎప్పుడూ కూర్చోలేదని చెప్పాడు. పొద్దునకు అంతా ఆరిపోయింది. గుడ్డ మీద ఏమీ లేదు.

మర్నాడు గుడ్డలు ఏట్లో జాడించి తెచ్చి ఆరేశాక, రాయుడు మామ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం ఎట్లానో ఉంది. తాను రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టుందని చెప్పుకున్నాడు. నేర్పుతూంటే తన పటం అటక మీద ఉందని మనసు పీకుతుందట. ఇంటికి పోయి అటక వైపు చూస్తే ఈ చాప మీదివాళ్ళు గుర్తొచ్చి తప్పు చేస్తున్నట్టుంటుందట.

"అయ్యా, నేర్పమంటారా, గీయమంటారా? ఏదో ఒకటి చెప్పండి, రెండోది వదిలేస్తాను" అన్నాడు.

మామ తన కలానికి రంగు పీల్చే ఊలు చుట్టుకుంటున్నాడు. దారం బిగించి, కొస పళ్ళతో తెంపి, "రేపు బాన ఎక్కిస్తా ఉండాం. అది కానీ" అన్నాడు. రాయుడికి ఆ జవాబు నచ్చలేదు. నాకు కూడా నచ్చలేదు, ఆ మాట దాచడమెందుకు. ఒక మనిషి ప్రాణం ఉగ్గబట్టుకొని అడుగుతుంటే ఈ ముసలాయన బాన సంగతి చెబుతాడేమిటి అనుకున్నాను.

బాన ఎక్కింది. మంజిష్ఠ మరిగి వాసన లేచాక గుడ్డలు ఒక్కొక్కటే దింపి కట్టెతో కలియబెట్టాను. పటాల యజమానులంతా పొయ్యి చుట్టూ చేరారు. ఆ రోజు అందరికీ పెళ్ళివారి హడావుడే. తమ పటం ఎట్లా తేలుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కదా. దేవసేన గుడ్డ పైకి తీసి, చల్లటి నీళ్ళలో ముంచి, తీగ మీద పరిచాను. ఎరుపు బాగా పట్టింది. కాంతమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకొచ్చింది. అమ్మ ఇక్కడుంది, అరుగు ఇక్కడుంది, కాయలు కుప్పలు కుప్పలుగా ఎర్రగా వచ్చాయి అంది. దేవసేన మొహం వెలిగిపోయింది. అప్పుడు కాంతమ్మ గుడ్డకు దగ్గరగా వంగింది.

"నడిమిన ఉండే కాయలు చూడాల నువ్వు, సేనా. ఒక్కోదానికి తొడిమ కూడా పెట్టినావే. ఎంత ముద్దుగా ఉండాయో."

"తొడిమా?" అంది దేవసేన. "నేను తొడిమలు పెట్టలేదే."

ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. అమ్మ పాదాలు ఎక్కడో చూపించమంది. కాంతమ్మ ఆమె వేలు పట్టుకొని తడిగుడ్డ మీద పాదాల దగ్గర పెట్టింది. దేవసేన అక్కడ అరచెయ్యి బోర్లా పరిచి, ఇక్కడేముంది అని అడిగింది. మిరపకాయలే అంది అక్క. చెయ్యి కొంచెం ఇవతలికి జరిపి, ఇక్కడ అంది. అక్కడా మిరపకాయలే. ఇంకొంచెం జరిపింది. అట్లా అడుగుతూ అడుగుతూ అరుగు దాకా వచ్చింది. కాంతమ్మకు ఏమీ అర్థం కాలేదు, అరుగు దాకా కాయలేనే, ఖాళీ ఎక్కడా లేదు అంది, అదేదో మెచ్చుకోలు మాట అన్నట్టుగా.

"మరి మా అమ్మ ఎట్లా వస్తుంది?" అంది దేవసేన.

అప్పుడు ఆమె చెప్పింది. కళ్ళం నిండా కాయలు పోసినా వాళ్ళమ్మ నడుమ కాలిబాటంత జాగా వదిలేదట. తాను అరుగు మీద కూర్చుంటే, కాయలు తిరగేస్తున్న అమ్మ చెయ్యి కడుక్కొని, అన్నం గిన్నె పట్టుకొని, ఆ దోవన తన దగ్గరికి వచ్చేదట. జ్వరం రాకముందు కళ్ళారా చూసిన ఆఖరి సంగతి అదే. కాంతమ్మకు అప్పటికే పెళ్ళయి అత్తగారింట్లో ఉంది, ఆమెకు ఆ దోవ తెలియదు. ఆ దోవకు దారం కుట్టలేదు, గీత గీయలేదు. కాలిబాటకు అంచులు ఎవరు గీస్తారు? అందుకని అరచెయ్యి పెట్టి కాపాడుకుంటూ వచ్చానని చెప్పింది. "ఆ దోవ నా కండ్లలో తప్ప ఇంకెక్కడా లేదు" అంది.

రాయుడు ముందుకొచ్చాడు. తానే వేశానని చెప్పాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు అని నేను లోపల జాలిపడ్డాను గానీ, కోపం కూడా వచ్చింది. అతను ఏడ్చాడు. పెద్దవాళ్ళ ముందు మగవాడు అట్లా ఏడవడం నేను చూడలేదు. ఖాళీ ఉందని చూసి మర్చిపోయిందేమో అనుకున్నాను, నలుగురూ నవ్వుతారేమో అని భయపడ్డాను అన్నాడు. దేవసేన కేకలు వేయలేదు. "అడిగుంటే చెప్పేదాన్ని గదా, నాయనా" అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అతనికి అడగాలనే తోచలేదు. ఆమె గుడ్డలో ఏ ముక్క తప్పో ఏ ముక్క ఒప్పో తన కళ్ళకే తెలుసుననుకున్నాడు.

ఎరుపు తీసే ఉపాయం ఉందా అని మామను బతిమాలాడు. పేడనీళ్ళు, పాలు, ఎండ ఏవేవో చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పటిక పట్టిన ఎరుపు గుడ్డ చిరిగినా పోదని అతనికి తెలియదా? మామ అడ్డంగా తల ఊపాడు. కొత్త గుడ్డ తెచ్చి, ఈ పటం అచ్చంగా మళ్ళీ నేనే గీసి ఇస్తానన్నాడు రాయుడు. అంత బాధలోనూ దేవసేనకు నవ్వొచ్చింది. వద్దు నాయనా, మళ్ళీ నువ్వేనా అంది. నాది నేను మళ్ళీ గీసుకుంటాను, దోవ ఎక్కడికీ పోలేదు అని చెప్పింది. తర్వాత తీగ మీది గుడ్డ తీయించి, తడిగా ఉన్నదాన్ని అట్లాగే మడిచి, రాయుడి చేతులు ఎక్కడున్నాయో వెతుక్కొని వాటిలో పెట్టింది.

"ఇది నువ్వు పెట్టుకో. నీ చెయ్యి మంచి చెయ్యంటారు అందరూ. నాకు తెలీదు. నేనెప్పుడూ పట్టుకొని చూడలేదు."

అక్క చెయ్యి పట్టుకొని ఆమె వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు తమ తమ గుడ్డలు తీసుకొని ఒక్కొక్కరే కదిలారు. ఎవరి పటాన్నీ ఎవరూ మెచ్చుకోలేదు. నేను పొయ్యిలో కట్టెలు ఇవతలికి లాగి నీళ్ళు చల్లాను. రాయుడు మాత్రం ఆ తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. రంగునీళ్ళు కారి పంచె ఎర్రబడుతోంది, చూసుకోలేదు. చాలాసేపటికి, ఇక తాను నేర్పడానికి రానన్నాడు. తనలాంటివాడు వాళ్ళ మధ్య కూర్చోకూడదన్నాడు. అంత మాట అంటాడని నేననుకోలేదు. అతను రాకపోతే చెయ్యి వణికే పెద్దాయన గతేమిటి, కొత్తగా వచ్చిన చూపులేని పిల్లకు దారం కుట్టి చూపించేదెవరు? మామ ముసలివాడైపోయాడు, రెండు పూటలూ కూర్చునే ఓపిక లేదు. ఆ వసారా సగం ఖాళీ అవుతుందని నాకు దిగులు పట్టుకుంది.

మామ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఒళ్ళోని గుడ్డ తీసుకొని మోకాళ్ళ మీద పరిచి, ఆ నడిమి పట్టీని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఒక్కొక్క కాయ మీద వేలు పెట్టుకుంటూ చూశాడు. నాకు బొమ్మ రాకపోయినా ఆ కాయలు ఎంత బాగున్నాయో తెలుస్తూనే ఉంది. అంత మంచి పని ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ చేయలేదు, మామతో సహా.

"నీ గుడ్డ యాడుందిరా?" అన్నాడు మామ.

ఇంట్లో, అటక మీద ఉందని చెప్పాడు రాయుడు.

"ఈ కాయలు దాని మీద ఉండాల్సినవి" అన్నాడు మామ, గుడ్డ మడిచి అతని చేతికిస్తూ. "రేపు మధ్యాహ్నం వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకో. దేవసేన పక్కన చోటుంటాది, అక్కడ పరుచుకో."